యుద్ధ స్మారకం: కంచు పచ్చబడింది, రాయి చీలింది, వచ్చే నెలే కార్యక్రమం. ఎక్కడ మొదలెట్టాలి?

కాపలాదారు:
అందరికీ నమస్కారం. ఇన్నేళ్ళూ ఎవరూ పట్టించుకోని ఒక చిన్న యుద్ధ స్మారకం బాధ్యత మా కమిటీ నెత్తిన పడింది. కమిటీ నెత్తిన అంటే నా నెత్తిన అని చదువుకోండి. నిలబడి ఉన్న సైనికుడి కంచు విగ్రహం, మనిషి కంటే కాస్త పెద్దది. కింద సున్నపురాయి పీఠం. పీఠానికి మూడు వైపులా పేర్లున్న కంచు పలకలు, నాలుగో వైపు రాతిలోనే చెక్కి సీసం పోసిన అక్షరాలు. చుట్టూ ఇనప గొలుసు.

భుజాల మీద, టోపీ మీద లేత పచ్చగా అయిపోయింది. చంకల కింద, టోపీ అంచు కింద మాత్రం నల్లగా పెచ్చు కట్టి ఉంది. పీఠం మీద పచ్చ చారలు కారాయి. ముందు ఎడమ మూల రాయి చీలింది, చీలిక పక్కనే తుప్పు రంగు. వెనక వైపు నిండా పాచి. కమిటీలో సగం మంది "కార్యక్రమం నాటికి కొత్తదానిలా మెరవాలి" అని పట్టు పట్టారు. ఒకాయన ఉత్సాహం ఆపుకోలేక ఒక పలకని పాలిష్ పెట్టి తోమేశాడు కూడా. రెండు పలకలు గోధుమ రంగులో, మూడోది పెళ్ళి పళ్ళెంలా. చూస్తే టెన్షన్ వస్తోంది.

తళతళ:
దీనికింత టెన్షన్ దేనికండీ. యాసిడ్ కలిపిన నీళ్ళు, ప్రెషర్ వాషర్, ఆ మిగిలిన రెండు పలకలకీ పాలిష్, పైన వార్నిష్. రెండు రోజుల పని.

రాతిమేస్త్రి:
తళతళ గారూ, రెండు రోజుల పనే, ఆ తర్వాత ఇంక చెయ్యడానికి పని ఉండదు, ఎందుకంటే రాయే ఉండదు. సున్నపురాయి మీద యాసిడ్ పడితే నురగ వస్తుంది, చూసి మురికి వదులుతోంది అనుకుంటారు. వదిలేది రాయి. నల్లరాయి అయినా యాసిడ్ వద్దు, రాయి కరగదు గానీ అందులో ఉన్న ఇనుము కదిలి పైకి వచ్చి పసుపు మరకలు కడుతుంది, అవి ఏం చేసినా పోవు.

ప్రెషర్ వాషర్ ఇంకో రకం దరిద్రం. పాత రాతికి పైన గట్టి పొర ఉంటుంది, అది లేస్తే లోపలి మెత్తటి రాయి బయటపడుతుంది. అదీగాక సందుల్లోంచి నీళ్ళు బలంగా లోపలికి పోతాయి. లోపల ఇనుముందని కాపలాదారు గారు చెప్పకనే చెప్పారు, తుప్పు రంగు అన్నారుగా.

కాపలాదారు గారూ, మెరుపు సంగతి తర్వాత. ఆ చీలిన మూల ఫోటో పెట్టండి. చీలిక వెంట్రుకంతా, వేలు పట్టేంతా? ఆ రాతి మీద పిడికిలి వేళ్ళతో మెల్లగా తట్టి చూడండి, డొల్ల మోత వస్తోందా?

కంచుకొలిమి:
మేస్త్రి గారు రాయి చూసుకుంటారు, నేను కంచు గురించి చెప్తా.

ముందు ఆ తోమిన పలక. పాలిష్ అంటే సన్నటి గరుకు పొడి, తోమిన ప్రతిసారీ కొంచెం లోహం పోతుంది. పలక మీద ఉబ్బెత్తు అక్షరాల అంచులు అరిగి గుండ్రం అవుతాయి. ఏడాదికోసారి తోమిన పలకల మీద పేర్లు వేలితో తడిమితే తెలిసేలా కూడా ఉండవు. అక్షరాల మూలల్లో తెల్లగా పాలిష్ గడ్డ కట్టి ఉంటుంది, చూసే ఉంటారు. దాన్ని వెదురు పుల్లతో తీయండి, సూదీ పిన్నీసూ వద్దు.

విగ్రహం మీద పచ్చ అంతా రోగం కాదు. వాన నేరుగా పడే చోట రాగి సల్ఫేటుగా మారి పచ్చబడుతుంది, వాన తగలని చోట మసి, దుమ్ము పేరుకుని నల్లగా ఉంటుంది. అందుకే ఏడ్చినట్టు చారలు. గట్టిగా అంటుకుని ఉన్న చిలుము కింద లోహం బాగానే ఉండొచ్చు. నాకు భయం వేసేది వేరే రకం చిలుము, లేత పచ్చ, పొడి పొడిగా, చుక్కలు చుక్కలుగా, బ్రష్‌తో దులిపేసినా కొన్నాళ్ళకి అదే చోట మళ్ళీ వచ్చేది. దాన్నే బ్రాంజ్ డిసీజ్ అంటారు. మీ స్మారకం సముద్రం దగ్గరా?

కొత్తగాచేరా:
మధ్యలో వచ్చినందుకు ఏమీ అనుకోవద్దు. చిలుము లోహాన్ని కాపాడుతుంది అని విన్నా. మరి రోగం అంటున్నారేంటి?

కెమిస్ట్రీ_సార్:
రెండూ నిజమే బాబూ. మామూలు చిలుము దుప్పటి లాంటిది, లోహాన్ని కప్పి ఉంచుతుంది. బ్రాంజ్ డిసీజ్‌లో దొంగ క్లోరైడ్. ఉప్పుగాలి వల్లో, బ్లీచింగ్ చల్లడం వల్లో, యాసిడ్ వాడటం వల్లో లోపల రాగి క్లోరైడ్ చేరుతుంది. దానికి తేమ, ఆక్సిజన్ అందితే యాసిడ్ పుడుతుంది, ఆ యాసిడ్ ఇంకాస్త రాగిని తిని మళ్ళీ రాగి క్లోరైడ్ అవుతుంది. ఒకసారి దూరిన క్లోరైడ్ ఖర్చవదు, తిరిగి తిరిగి పని చేస్తూనే ఉంటుంది. మ్యూజియంలో అయితే గాలిలో తేమ తగ్గించి దాన్ని నిద్రపుచ్చుతారు. ఆరుబయట విగ్రహానికి ఆ వీలు లేదు, కడిగి క్లోరైడ్ బయటికి తేవాలి, తర్వాత తేమ అందకుండా పైపొర వెయ్యాలి.

కడిగిన నీళ్ళు కొంచెం గాజు గొట్టంలో పట్టి సిల్వర్ నైట్రేట్ చుక్క వేస్తే తెల్లగా విరిగినట్టయితే ఇంకా క్లోరైడ్ ఉన్నట్టు. స్కూల్ ప్రయోగమే. కాకపోతే స్వేదనజలంతో కడగాలి. కుళాయి నీళ్ళలోనే క్లోరైడ్ ఉంటుంది, వాటితో కడిగి పరీక్ష చేస్తే ఎప్పటికీ తెల్లగానే వస్తుంది, మీరు కడుగుతూనే ఉంటారు :)

కాపలాదారు:
సముద్రం నాలుగైదు కిలోమీటర్లు. పొడి పొడి చుక్కలు పలకల కింది అంచు దగ్గర కనిపించాయి, విగ్రహం మీద లేవు.

మేస్త్రి గారూ, చీలికలో గోరు పడుతుంది. తట్టి చూశా, చీలికకి ఎడమ వైపు టకటక, కుడి వైపు డొబ్‌డొబ్. ఇంకో విషయం, రాళ్ళ మధ్య దర్జులన్నీ సిమెంటుతో పూశారు. దర్జు అలాగే నిలబడి ఉంది, చుట్టూ రాయి మాత్రం వేలెడు లోపలికి పోయింది.

రాతిమేస్త్రి:
వేలెడు పోయిందంటే సిమెంటు పెట్టి చాలా ఏళ్ళయింది. సున్నపురాయి గోడ తడిని దర్జుల గుండా వదులుతుంది. దర్జులో సున్నం ఉంటే తడి, ఉప్పు దాంట్లోంచి పోతాయి, అరిగితే దర్జు అరుగుతుంది, పదేళ్ళకో ఇరవై ఏళ్ళకో మళ్ళీ పూసుకుంటాం. దర్జు ఎప్పుడూ రాయి కంటే మెత్తగా ఉండాలి, అది బలి అవ్వడానికే ఉంది. సిమెంటు పెడితే తడికి దారి లేక రాతి ముఖం నుంచి వస్తుంది, వస్తూ ఉప్పుని మోసుకొస్తుంది, ఆ ఉప్పు రాతి పైపొర కింద గడ్డ కట్టి పెచ్చులు లేపుతుంది. పైన ఎవరో "వాటర్‌ప్రూఫ్" పూత వేద్దాం అంటారు చూడండి, అది ఇంకా దారుణం, ఉప్పు లోపలే ఉండి పెచ్చు ఇంకా మందంగా ఊడుతుంది.

డొబ్‌డొబ్ వైపు లోపల ఇనప పట్టీ ఉండి ఉంటుంది. చిన్న బలమైన అయస్కాంతం దారానికి కట్టి చీలిక దగ్గర వేలాడదీయండి. ఇనుము పైపైన ఉంటే అటు లాగుతుంది.

కంచుకొలిమి:
విగ్రహం బూటు కింద, పీఠాన్ని తాకే చోట, చిన్న రంధ్రం ఉందేమో చూడండి. కంచు విగ్రహం లోపల బోలుగా ఉంటుంది. వాన నీరు అతుకుల గుండా, సన్నని రంధ్రాల గుండా లోపలికి పోతుంది, రాత్రి చల్లదనానికి లోపల తేమ కూడా పడుతుంది. ఆ నీళ్ళు పోవడానికి కింద దారి పెడతారు. అది మూసుకుపోతే విగ్రహం కుండలా నిండుతుంది.

మనవరాలు:
నేను సాంకేతికం తెలిసినదాన్ని కాదు. మా తాతగారి పేరు వేరే చోట ఇలాంటి ఒక పలక మీదే ఉంది. మీరందరూ చిలుము ఉంచాలి, అరగతీయకూడదు అంటున్నారు, అర్థమైంది. కానీ మా అమ్మకి డెబ్భై ఏళ్ళు, ఏటా వెళ్ళి ఆ పేరు కోసం పలక మీద వేలు పెట్టి వెతుక్కుంటుంది, నల్లగా ఉంది కాబట్టి కనిపించదు. పేరు చదవలేని స్మారకాన్ని ఎవరి కోసం కాపాడుతున్నట్టు? తళతళ గారి మాటలో కొంత న్యాయం ఉందనిపిస్తుంది నాకు.

తళతళ:
అమ్మయ్య, ఒక్కరైనా నా వైపు ఉన్నారు.

కంచుకొలిమి:
అమ్మా, మీరడిగింది ముఖ్యమైన ప్రశ్న, నేను మొదటే చెప్పాల్సింది. పేరు చదవగలగడం వేరు, పలక మెరవడం వేరు. చాలా కంచు విగ్రహాలు, పలకలు పోతపోసిన చోటే వేడి చేసి రసాయనాలతో గోధుమ రంగు తెప్పించి పంపిస్తారు, పైన మైనం పూస్తారు. అంటే ఆ రోజు ఆవిష్కరణలో జనం చూసింది కూడా బంగారు రంగు కాదు. మెరిసేలా తోమితే పాత రూపం తిరిగి వచ్చినట్టు కాదు, ఎప్పుడూ లేని రూపం పెట్టినట్టు. ఇత్తడి పలకల్లో మొదటి నుంచీ మెరుపుతోనే ఉంచినవీ ఉంటాయి, అందుకే పాత ఫోటో వెతకకుండా ఏదీ తేల్చకూడదు.

నలుపుని మెత్తటి కుంచె, నీళ్ళు, ఘాటు లేని న్యూట్రల్ సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరాక, లోహాన్ని కొంచెం వేడి చేసి మైక్రోక్రిస్టలైన్ మైనం (పెట్రోలియం నుంచి తీసే ఒక రకం మైనం) రాస్తే రంగు ముదురుతుంది, చారలు చాలా వరకు ఒకే ఛాయలో కలిసిపోతాయి, అక్షరాల అంచుకి వెలుతురు తగిలి పేరు పైకి తేలుతుంది. ఒక్క రవ్వ లోహం పోదు. చల్లారాక కుంచెతో, గుడ్డతో రుద్దితే చిన్న నిగారింపు కూడా వస్తుంది, మీ కమిటీలో సగం మంది దానికే సంతోషిస్తారు.

తళతళ:
మైనం ఎన్నాళ్ళుంటుంది? వార్నిష్ అయితే ఏళ్ళు నిలుస్తుంది కదా.

కంచుకొలిమి:
నిలుస్తుంది, నిజమే. ఇంక్రాలాక్ అని 1960లలో రాగి లోహాల కోసమే తయారైన వార్నిష్ ఉంది, యాక్రిలిక్‌లో బెంజోట్రయజోల్ అనే రాగి చెడకుండా కాపాడే రసాయనం కలిపినది, ఇప్పటికీ వాడతారు. చిక్కేంటంటే అది చెడేటప్పుడు అక్కడక్కడా చిట్లుతుంది, చిట్లిన చోటే తేమ దూరి పైపొర కింద మచ్చలు పడతాయి, అప్పుడు మొత్తం ద్రావకంతో తీసి మళ్ళీ వెయ్యాలి, దానికి చెయ్యి తిరిగిన మనిషి కావాలి. మైనం ఏడాదికోసారి కడిగి మళ్ళీ పూసుకోవచ్చు, శిక్షణ ఇస్తే కమిటీ వాళ్ళే చేస్తారు. మనుషులు ఏటా వస్తారా రారా అన్నదాన్ని బట్టి ఎంచుకోండి. వచ్చేవాళ్ళు లేని చోట మైనం మాట వృథా. మైనం రాసేటప్పుడు కింద రాయిని కప్పండి, సున్నపురాయి మైనం పీల్చిందంటే ఆ మచ్చ అక్కడే ఉండిపోతుంది.

రాతిమేస్త్రి:
ఇంకొకటి. పేరు కనపడట్లేదని రాతి అక్షరాలను మళ్ళీ ఉలితో చెక్కిస్తారు కొందరు. అలా చెక్కిన ప్రతిసారీ అక్షరం వెడల్పవుతుంది, మొదటి శిల్పి చేతి పనితనం పోతుంది. ముందు చీకటి పడ్డాక ఒక టార్చి రాతికి ఆనించినంత వాలుగా పట్టి ఫోటోలు తీయండి, పగలు కనిపించని అక్షరం కూడా నీడతో లేచి నిలబడుతుంది. పేర్లన్నీ రాసి పెట్టుకోండి. రేపు రాయి పోయినా పేరు పోదు.

మనవరాలు:
ఇది నాకు తెలియదు. ఈ ఆదివారం అమ్మని తీసుకెళ్ళి చేస్తాను. థాంక్యూ మేస్త్రి గారూ.

కాపలాదారు:
అప్‌డేట్. అయస్కాంతం అంటుకుంది! దారం పక్కకి లాగి చీలికకి నాలుగు వేళ్ళ పైన అతుక్కుపోయింది, చూస్తుంటే ఒళ్ళు జలదరించింది. బూటు కింద రంధ్రం కూడా దొరికింది, అదే పెద్ద వార్త, ఎవరో దాన్ని సిమెంటుతో మూసేశారు. పాత ఫైలు తీసి చూస్తే చాలా ఏళ్ళ కిందట ఒక కాంట్రాక్టరు "పీఠం మీద మరకలు పడకుండా కారుడు అరికట్టుట" అని బిల్లు పెట్టాడు. కారుడు అరికట్టాడు మహానుభావుడు.

కెమిస్ట్రీ_సార్:
పూర్తి కథ ఇదీ. బయటికి రావాల్సిన నీళ్ళు విగ్రహంలో నిలిచి, కాలి బోల్టుల వెంట రాతిలోకి దిగాయి. రాగి లవణాలు మోసుకెళ్ళే ఆ నీళ్ళు ఇనుముకి ఇంకా చేటు. రెండు వేర్వేరు లోహాలు తడిలో కలిస్తే ఒకటి రెండోదాన్ని తింటుంది, రాగీ ఇనుమూ అయితే తినబడేది ఇనుమే. 1886లో నిలబెట్టిన లిబర్టీ విగ్రహానికి ఇదే జరిగింది. బయట రాగి రేకు, లోపల ఇనప చట్రం, మధ్యలో పెట్టిన ఆస్‌బెస్టాస్ పాడైపోయి తడి పట్టుకుంది. ఇనప పట్టీలు ఉబ్బి రాగి రేకుకున్న రివెట్లని ఊడబెరికాయి. 1980లలో ఆ పట్టీలన్నీ తీసి స్టెయిన్‌లెస్ స్టీలు పెట్టాల్సి వచ్చింది.

తుప్పు అసలు ఇనుము కంటే రెండింతల నుంచి ఆరింతల దాకా చోటు ఆక్రమిస్తుంది. రాతిలో అంత చోటు లేదు కదా.

రాతిమేస్త్రి:
మా మేస్త్రుల్లో అందరూ చెప్పుకునేది ఏథెన్స్‌లోని పార్థినాన్ గుడి. పాత గ్రీకులు రాళ్ళని ఇనప కొక్కేలతోనే కలిపారు, కానీ చుట్టూ సీసం పోశారు, అవి రెండు వేల ఏళ్ళు పైగా నిలిచాయి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బలానోస్ అనే ఇంజినీరు బాగుచేస్తూ సీసం లేకుండా ఇనుము పెట్టాడు, కొన్ని పదుల ఏళ్ళకే తుప్పు ఉబ్బి పాలరాయి పగిలింది. ఇప్పుడు అవన్నీ తీసి టైటానియం పెడుతున్నారు. బాగుచేసిన చేతే చెడగొట్టింది, మీ రంధ్రం మూసినవాడిలాగే.

మీరు చేయించాల్సింది, వరసగా చెప్తా. ముందు ఆ రంధ్రంలో సిమెంటు చేత్తో, చిన్న ఉలితో, డ్రిల్లు పెట్టకుండా తీయించండి. నీళ్ళు పూర్తిగా పోయి ఆరనివ్వండి, ఆరడానికి వారాలు పట్టొచ్చు. తర్వాతే ఇనప పట్టీ. రాయి విప్పి, తుప్పు ముక్క చుట్టూ కోసి తీసి, 316 రకం (ఉప్పుగాలికి బాగా తట్టుకునే) స్టెయిన్‌లెస్ స్టీలు ముక్క పెట్టి, సున్నపు గచ్చుతో కూర్చాలి. పగిలిన మూల కొత్త రాయి పెట్టొద్దు, ఆ ముక్కే తిరిగి అతకొచ్చు. దర్జుల్లో సిమెంటు కూడా చేత్తోనే. గ్రైండర్ పెడితే రాతి అంచు కోసుకుపోతుంది, సిమెంటు రాయికి గట్టిగా పట్టేసిన చోట వదిలెయ్యండి, లాగితే రాయి వస్తుంది.

ఒక నెలలో ఇదంతా అవ్వదు. కార్యక్రమం అలాగే జరిపించెయ్యండి. గొలుసు కడీలు మాత్రం తుప్పు దులిపి రంగు వేసుకోవచ్చు. పాత రంగులో సీసం ఉండొచ్చు, పొడిగా గీకొద్దు, తడిపి తీయండి, మాస్క్ పెట్టుకోండి.

కొత్తగాచేరా:
పీఠం మీద పచ్చ మరకలు, వెనక పాచి? అవి కూడా అలాగే వదిలెయ్యాలా?

కెమిస్ట్రీ_సార్:
మరకకి పట్టు వెయ్యొచ్చు, దెబ్బకి పట్టు వేసినట్టే. కాగితపు గుజ్జో మెత్తటి బంకమట్టో అమ్మోనియం కార్బొనేట్ ద్రావణంలో కలిపి పూసి, పైన ప్లాస్టిక్ కప్పి ఉంచితే రాగి లవణం కరిగి పట్టులోకి వస్తుంది. పట్టు నీలంగా మారితే పని చేస్తోందన్నమాట. ముందు కనపడని మూల అరచేయంత జాగాలో ప్రయత్నించాలి, కంచుకి తగలకూడదు, అది రాగినే కరిగించే మందు. పూర్తిగా పోదు. లేత ఛాయ మిగిలితే అక్కడ ఆపేయండి.

రాతిమేస్త్రి:
పాచికి బ్లీచింగ్ వద్దు, క్లోరైడ్ కథ పైన సార్ చెప్పారు. క్వాటర్నరీ అమ్మోనియం అనే పాచిని చంపే మందు పూసి వదిలేస్తే కొన్ని వారాల్లో ఎండి వాన నీటికే రాలుతుంది, తొందరపడి గీకొద్దు. లైకెన్ (రాతికి మచ్చల్లా, పొరలా అంటుకుని పెరిగేది) ఉంటే ఇంకా ఓపిక కావాలి, దాని వేళ్ళు రాతి రేణువుల మధ్యకి వెళ్ళి ఉంటాయి, పచ్చిగా పీకితే రాయి ఊడి వస్తుంది. అసలు పాచి ఎందుకు పట్టిందో చూడండి, చెట్టు నీడా, పక్కన నీళ్ళ పైపా. అది ఉన్నంత కాలం మళ్ళీ వస్తుంది.

సీసం అక్షరాల సంగతి. పోసినవి అనుకుంటున్నారు, కావు. గాడి తవ్వి, అడుగున వంకర టింకరగా రంధ్రాలు వేసి, సీసం ముక్కని చెక్క సుత్తితో కొట్టి దిగ్గొడతారు, ఆ రంధ్రాల్లోకి దిగిన సీసమే వేరులా పట్టుకుంటుంది. ఇప్పుడు వేలితో తడమండి, అక్షరం రాయి కంటే పైకి ఉంటే రాయి అంత అరిగిందన్నమాట. పాత సమాధి రాళ్ళ మీద ఈ తేడా కొలిచి ఏళ్ళ తరబడి వాన రాయిని ఎంత తిన్నదో లెక్క కట్టినవాళ్ళున్నారు.

కాపలాదారు:
తడిమా. గోరంత పైకున్నాయి. రెండు అక్షరాలు ఊడిపోయాయి, కింద గడ్డిలో వెతికితే ఒకటి దొరికింది, డబ్బాలో దాచా.

కమిటీ మీటింగులో ఈ థ్రెడ్ మొత్తం చదివి వినిపించా. గొడవ అయింది, కానీ తోమడం ఆగింది. స్మారకం ఎవరి పేరు మీద ఉందో కనుక్కుని వాళ్ళ దగ్గర రాతపూర్వక అనుమతి తీసుకున్నాకే ముట్టుకోవాలని రాసుకున్నాం. పుష్పచక్రాలు పలకలకి ఆనించకుండా పక్కన చెక్క స్టాండు పెడుతున్నాం, ఎందుకంటే ఆ చక్రాల వెనక తీగ తుప్పు పట్టి రాతి మీద గుండ్రటి మచ్చలు పెట్టిందని ఇప్పుడే గమనించాం. కొవ్వొత్తులు కూడా రాతి మీద కాదు, నేల మీద.

తళతళ:
ఒప్పుకుంటున్నా, నేను చెప్పింది చేసి ఉంటే మీరు నన్ను తిట్టుకునేవాళ్ళు. కానీ ఆ తోమిన పలక సంగతి? రెండు గోధుమ, ఒకటి మెరుపు, అలాగే ఉంచుతారా?

కంచుకొలిమి:
రంగు కలపడం నిపుణుడు చేస్తాడు, ముఠాగా మీద పడొద్దు. ఈలోగా పాలిష్ మరకలు కడిగి ఒక పూత మైనం రాయండి. మెల్లగా రంగు తిరుగుతుంది. ఎవరైనా అడిగితే జరిగింది చెప్పండి, దాచాల్సిందేముంది.

మనవరాలు:
ఆదివారం టార్చి పెట్టి ఫోటో తీశాను. అమ్మ ఇన్నేళ్ళూ వేలు పెడుతున్నది వేరే ఆయన పేరు మీద. మా తాతగారిది రెండు వరసల కింద ఉంది. కాసేపు నవ్వింది, తర్వాత ఏడ్చింది, ఆ పై పేరు ఆయన ఎవరో కనుక్కోమంటోంది ఇప్పుడు.

కాపలాదారు:
కార్యక్రమం అయిపోయింది. రంధ్రం గత వారం తెరిపించాం, సిమెంటు వెనక బురద, ఎండుటాకులు, పాత మట్టి పిడికెడు వచ్చాయి. నిన్న రాత్రి వాన పడింది. పొద్దున్నే గేటు తీయించుకుని వెళ్ళి చూశా, మడమ కింద నుంచి నీళ్ళు బొట్టు బొట్టుగా పడుతున్నాయి. అరగంట నిలబడ్డా, ఆగలేదు.

రాతిమేస్త్రి:
మంచిది. ఆ బొట్లు పీఠం మీదే పడితే మళ్ళీ పచ్చ మరక. రంధ్రానికి చిన్న సీసం నాలుక పెట్టించి, బొట్టు రాతి అంచు దాటి నేల మీద పడేలా చూడండి. ఎడమ మూల ముక్కకి ఇప్పుడే గుడ్డ పట్టీ కట్టండి, విప్పేలోపు ఊడి పడితే రెండు ముక్కలవుతుంది.